ఏడుపుగొట్టు అంటే ఏంది, యాడ్నించి వచ్చింది: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడుపుగొట్టు అనే మాట గురించి మద్రాసులో, బెంగుళూరులో పెరిగిన మన పిల్లలు అడుగుతారు, వేరే జిల్లాల నుంచి కోడళ్ళుగా వచ్చినోళ్ళు అడుగుతారు, ఆఖరికి పుట్టినప్పట్నించీ ఆ మాట వింటా పెరిగినోళ్ళు కూడా ఆ గొట్టు ఏందబ్బా అని అడుగుతారు. అడిగిందే అడుగుతుండారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. మన నెల్లూరు, ఒంగోలు వైపు మాట్లాడుకునే తీరులోనే రాశా. ఏ ప్రశ్న కావాలంటే దానికే నేరుగా పొండి, ముందుది చదవకపోయినా నష్టం లేదు.

మొదటి సంగతి: అసలు అర్థం

ఏడుపుగొట్టు అంటే ఊరికే ఏడ్చేవాడనేనా?

కాదు. కళ్ళ నీళ్ళు పెట్టుకునేవాణ్ణి మనం ఏడుపుగొట్టు అనం, పాపం అంటాం. ఏడుపుగొట్టుకి కన్నీళ్ళతో పనే లేదు. ఎప్పుడు చూసినా ఏదో ఒకటి బాగలేదని, ఎవరో తనకి అన్యాయం చేశారని, ఊళ్ళో అందరికీ జరిగేది తనకి మాత్రం జరగట్లేదని చెప్పుకుంటా తిరిగేవాడు ఏడుపుగొట్టు. చేపల పులుసు పెడితే మామిడికాయ చాల్లేదంటాడు, మామిడికాయ ఇంకో రెండు ముక్కలు వేస్తే పులుపు జాస్తయిందంటాడు, రెండూ సరిగ్గా కుదిరాయనుకో, ఇది రేపు తింటే బాగుండే పులుసు, ఈరోజే ఎందుకు పెట్టారంటాడు. ఆ మూడోది ఉంది చూశారా, అది వచ్చిందంటే ఆ మనిషి ఖాయం.

ఒక్కసారి కంప్లైంట్ చేసినా ఏడుపుగొట్టే అంటారా?

అనకూడదు. ఇది అలవాటుకి పెట్టిన పేరు. ఒకరోజు కరెంటు పోయిందని విసుక్కుంటే ఎవరూ ఏమీ అనరు. కరెంటు వచ్చాక కూడా, ఇంతసేపు ఎందుకు తీశారు, ఇప్పుడెందుకిచ్చారు అని అదే పాట పాడేవాడికి ఆ పేరు పడతది, ఒకసారి పడితే మాత్రం అంత తేలిగ్గా పోదు.

ఏడుపు అంటే కుళ్ళు కదా, ఆ అర్థం కూడా ఇందులో ఉందా?

ఉంది, చాలామంది దాన్ని వదిలేస్తారు గానీ నా లెక్కన సగం రుచి అందులోనే ఉంది. "వాడికి నా మీద ఏడుపు" అంటే వాడు నాకోసం బాధపడుతున్నాడని కాదు, ఓర్వలేకపోతున్నాడని. హైవే మీద లారీల వెనకాల, ఆటోల వెనకాల "నన్ను చూసి ఏడవకురా" అని రాసుకునేది ఆ ఏడుపు గురించే. తెలుగులో దుఃఖానికీ అసూయకీ ఒకే మాట సరిపోయిందంటే మనోళ్ళు ఆ రెంటినీ ఒకేచోట చూశారన్నమాట.

ఇది మన ఒక్కరి బుద్ధే కాదు. మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి నీతులు చెప్తా, ఎప్పుడూ దుఃఖంలోనే ఉండే ఆరుగురిని లెక్కపెడతాడు: ఈర్ష్య పడేవాడు, అసహ్యించుకునేవాడు, తృప్తి లేనివాడు, కోపిష్ఠి, ప్రతిదానికీ అనుమానపడేవాడు, ఇంకొకరి భాగ్యం మీద బతికేవాడు. ఆ వరసలో ఈర్ష్య, అసంతృప్తి, కోపం మూడూ ఉన్నాయి, అవి ముగ్గురు మనుషుల్లో కాకుండా ఒకడిలోనే కూడితే వాడే మన ఏడుపుగొట్టు. ఆ ఉద్యోగపర్వాన్ని తెలుగు చేసింది 13వ శతాబ్దంలో మన నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన, అంటే ఈ సంగతి పెన్నా ఒడ్డున ఎప్పుడో ఏడొందల ఏళ్ళ కిందటే వినపడింది.

మొహం మీదే ఎందుకు పడతారు, ఏడుపుగొట్టు మొహం అని?

మాట్లాడకముందే తెలిసిపోతది కాబట్టి. పెదాలు కిందికి, కనుబొమలు దగ్గరికి, ఆ మొహం ఎదురొస్తే మనమే పక్క సందులోకి తిరుగుతాం. అరవంలో దీనికి అచ్చంగా సరిపోయే మాట ఉంది, అళుమూంజి, అంటే ఏడుపు మొహం. సూళ్ళూరుపేట, తడ వైపు ఉన్నోళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు. హిందీలో రోనీ సూరత్ అంటారు, అదీ మొహమే. తెలుగు, అరవం, హిందీ మూడూ మొహం దగ్గరికే వచ్చాయంటే ఏడుపుగొట్టుని చెవికంటే ముందు కన్ను పట్టుకుంటదనేగా.

రెండో సంగతి: మాట పుట్టుక

ఏడుపు అనే మాట ఎట్టా తయారైంది?

ఏడ్చు అనే క్రియ నుంచి. తెలుగులో చు తో అయిపోయే క్రియలు చాలా వరకు పు తో పేర్లవుతాయి, పిలుచు పిలుపు, గెలుచు గెలుపు, తలచు తలపు, అరుచు అరుపు, అట్టాగే ఏడ్చు ఏడుపు. ఇంకా వెనక్కి పోతే అరవంలో అళు, కన్నడంలో అళు, అంటే ఇది సంస్కృతం నుంచి తెచ్చుకున్నది కాదు, మన ద్రావిడ భాషల ఉమ్మడి ఆస్తి. అరవంలో నాలిక మడిచి పలికే ఆ ళ మన దగ్గర చాలాచోట్ల డ అయింది, వాళ్ళ కోళి మన కోడి, వాళ్ళ ఏళు అంకె మన ఏడు. అళు లో ఆ ళ కూడా ఇట్టాగే డ అయ్యి ఏడ్చు లోకి వచ్చింది. నెల్లూరు నుంచి మద్రాసు పొయ్యే రైల్లో ఒక పసిబిడ్డ రాగం తీసిందనుకోండి, ఒక ఆమె "అళాదే" అంటది, పక్కనున్న ఆమె "ఏడవాకమ్మా" అంటది, రెండూ ఒకే వేరు.

మరి ఆ గొట్టు ఏంది? ఎవరిని కొట్టాలి?

ఎవరినీ కొట్టక్కర్లేదు. ఇది కొట్టు అనే మాటే గానీ చేత్తో కొట్టేది కాదు. మనం కంపు కొడతంది అంటాం, నీచు కొడతంది అంటాం, అక్కడ కొట్టడం అంటే లోపలున్నది బయటికొచ్చి పక్కనున్నోడికి తగలడం. ఇప్పుడు ఈ వరస చూడండి: కంపుగొట్టు, దరిద్రగొట్టు, శనిగొట్టు, ఏడుపుగొట్టు. నాలుగూ ఒక అచ్చులోంచి వచ్చినవే. దరిద్రగొట్టు అంటే డబ్బుల్లేనోడు కాదు, కోట్లున్నోణ్ణి కూడా దరిద్రగొట్టోడా అని తిడతాం, వాడి దగ్గరికి పోతే దరిద్రం తగిలేట్టుంటది కాబట్టి. ఏడుపుగొట్టు కూడా అంతే, వాడి లోపల నిజంగా బాధ ఉందా లేదా అనేది కాదు లెక్క, వాడి పక్కన పావుగంట కూర్చుంటే మనకి ఏడుపొస్తది, అదీ లెక్క.

కొందరు ఇంకో రకంగా చెప్తారు, ఏడుపు చేత కొట్టబడినవాడు అని, ఎండదెబ్బ కొట్టింది అన్నట్టు. అది కూడా తీసిపారేయాల్సింది కాదు. నాకు మాత్రం కంపుగొట్టు పక్కన పెట్టి చూస్తే మొదటిదే బలంగా కనపడతది.

పోగొట్టు, చెడగొట్టు లో ఉన్న గొట్టు కూడా ఇదేనా?

మాట అదే, పని వేరు. పోగొట్టు, చెడగొట్టు, పడగొట్టు, ఇవన్నీ క్రియలు, దానంతటది పోయేదాన్ని మనం పోయేట్టు చేయడం. ఏడుపుగొట్టు క్రియ కాదు, మనిషి ముందు తగిలించే గుణం. "నన్ను ఏడుపుగొట్టాడు" అని ఎవరూ అనరు, ఏడిపించాడు అంటారు.

కొట్టు కాస్తా గొట్టు ఎందుకైంది?

బళ్ళో గసడదవాదేశ సంధి అని బట్టీ పట్టించారు గుర్తుందా, ఆ బాపతే. రెండు మాటలు అతుక్కున్నప్పుడు రెండో మాట మొదట్లో ఉన్న క, చ, ట, త, ప లు మెత్తబడి గ, స, డ, ద, వ అవుతాయి. కూర, కాయ కలిస్తే కూరగాయ, అన్న, తమ్ములు కలిస్తే అన్నదమ్ములు, తల్లి, తండ్రులు కలిస్తే తల్లిదండ్రులు. ఏడుపు, కొట్టు అతుక్కుని ఏడుపుగొట్టు. విడిగా ఉన్నప్పుడు కంపు కొడతంది అని క తోనే అంటాం, చూడండి.

ఇంగ్లీషు కంప్లైంట్‌కీ దీనికీ ఏమన్నా చుట్టరికం ఉందా?

రక్త సంబంధం ఏమీ లేదు, కానీ తమాషా ఒకటుంది. కంప్లైన్ అనే మాట ఫ్రెంచి మీదుగా లాటిన్ నుంచి వచ్చింది, లాటిన్‌లో ప్లాంగెరే అంటే కొట్టడం, గుండెలు బాదుకుని ఏడవడం. అంటే కంప్లైంట్ ఇచ్చినప్పుడల్లా ఆ మాట అడుగున ఒకడు గుండెలు బాదుకుంటా ఉన్నాడు, ఏడుపూ ఉంది, కొట్టుడూ ఉంది. మన ఆఫీసుల్లో వాడే ఫిర్యాదు అనేది పారసీ మాట, ఫర్యాద్, దానికి అసలర్థం కేక, మొర. సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సులో టైపు కొట్టించి, నీటుగా మడిచి ఇచ్చే ఫిర్యాదు కూడా మొదట్లో ఒక కేకే. యాడ చూసినా మనిషి ముందు అరిచాడు, ఏడిచాడు, తర్వాత దానికి ఫారం వచ్చింది.

ఇంగ్లీషులో ఏడుపుగొట్టుకి సరిపోయే మాట ఏది?

అచ్చంగా ఒకటి లేదు. బ్రిటన్, ఆస్ట్రేలియా వాళ్ళు వింజర్ అంటారు. అమెరికాలో క్వెచ్ అంటారు, అది యూదుల యిద్దిష్ భాషలోంచి వచ్చింది, అక్కడ ఆ మాటకి పిండడం, నొక్కడం అని అర్థం.

నాకు బాగా నచ్చింది మాత్రం స్మెల్‌ఫంగస్, ఇప్పుడు పెద్దగా ఎవరూ వాడరు గానీ కథ బాగుంటది. తోబియాస్ స్మాలెట్ అనే రచయిత ఫ్రాన్స్, ఇటలీ తిరిగొచ్చి 1766లో ఒక యాత్రా పుస్తకం వేశాడు, అందులో తిండి బాగలేదు, సత్రాలు బాగలేవు, జనం బాగలేరు, రోములో పాంథియాన్ లాంటి కట్టడాన్ని చూసి కూడా పైకప్పు తెరిచిన పెద్ద కోడిపందేల బరిలాగుంది అని రాశాడు. అది చదివి లారెన్స్ స్టెర్న్ అనే ఇంకో రచయితకి ఒళ్ళు మండి, 1768లో తన పుస్తకంలో స్మెల్‌ఫంగస్ అనే పాత్రని పెట్టి ఆయన్ని ఆడేసుకున్నాడు. అప్పట్నించి తప్పులు పట్టడమే పనిగా పెట్టుకున్నోడికి అదొక పేరయింది. కోడిపందేల బరి అన్నది తిట్టు కింద ఎందుకు లెక్కేశారో మన కోస్తావాళ్ళకి అర్థం కాదనుకోండి.

మూడో సంగతి: వాడేటప్పుడు వచ్చే డౌట్లు

ఇది ఆడవాళ్ళకే వాడే మాటా?

కానే కాదు. ఏడుపుగొట్టు అనే మాటకి ఆడా మగా తేడా లేదు, వెనక తగిలించేది మారతది అంతే, ఏడుపుగొట్టోడు, ఏడుపుగొట్టుది, గుంపుగా ఉంటే ఏడుపుగొట్టు సంత. "నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదు" అని సామెత ఒకటుంది, దాన్ని పట్టుకుని మగాళ్ళు ఏడవరు కాబట్టి ఈ మాట ఆడవాళ్ళదే అని వాదించేవాళ్ళున్నారు. ఆ సామెతే తప్పుడు సామెత అని నా అభిప్రాయం. టీ అంగడి దగ్గర పొద్దున ఆరింటికి పోయి నిలబడండి, బల్ల మీద కూర్చుని గవర్నమెంటు నుంచి అల్లుడి దాకా అందరి మీదా ఏడ్చేది ఎవరో మీకే కనపడతది.

ఏడుపుగొట్టు, ఏడుపుకొట్టు, ఏడ్పుగొట్టు, ఏది రాయాలి?

ఏడుపుగొట్టు రాయండి. ఏడ్పుగొట్టు అన్నా తప్పు కాదు, కొంచెం పాతకాలం వాసన. ఏడుపుకొట్టు అని ఎవరూ పలకరు.

పెద్దవాళ్ళని అనొచ్చా?

మొహం మీద అనకూడదు. బావనో, మరదలినో, ఈడు స్నేహితుణ్ణో "ఏంది బా, ఎప్పుడు చూసినా ఆ ఏడుపుగొట్టు మొహం" అంటే నవ్వేసి ఊరుకుంటారు. మేనమామని కూడా ఆయన రకాన్ని బట్టి అనొచ్చేమో. అత్తమామల్ని, అవ్వా తాతల్ని అన్నారంటే ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు. పెద్దోళ్ళ దగ్గర "ఎందుకవ్వా ఊరికే బాధపడతావు" అంటాం, లోపల అదే మాట అనుకున్నా సరే.

మనుషులకే కాకుండా వాడొచ్చా?

హాయిగా. ఏడుపుగొట్టు సీరియల్, ఏడుపుగొట్టు సినిమా, ఏడుపుగొట్టు పాట. నవంబరులో వాయుగుండం పట్టి మూడు రోజులు వదలకుండా ముసురు పడితే ఏడుపుగొట్టు వాన అని కూడా అంటాం, కుండపోతగా కురవదు, ఆగదు. అట్టాంటి వానకి ఇంతకంటే మంచి పేరు నాకు తెలీదు.

"ఏడిశావులే" అంటే కూడా నన్ను ఏడుపుగొట్టు అన్నట్టేనా?

కాదు. ఏడిశావులే అంటే నీకంత సీను లేదు, చెప్పొచ్చావులే అని. చాలాసార్లు ముద్దుగానే అంటారు. "ఏడ్చినట్టుంది" అంటే బాగలేదు అని, అది చేసిన పని గురించి, మీ స్వభావం గురించి కాదు. ఈ రెంటికీ అలిగి కూర్చుంటే మాత్రం అసలు పేరు పెట్టేస్తారు.

నాలుగో సంగతి: దగ్గరి మాటలు

సణుగుడు, గొణుగుడు, నస, సాధింపు, ఇవన్నీ ఒకటేనా?

ఒకటి కాదు, కలిపేస్తే తెలుగుకి అన్యాయం చేసినట్టే. గొణుగుడు అంటే ఏం మాట్లాడుతున్నాడో వినపడదు, పెదాల్లోనే ఉంటది, అందులో కంప్లైంట్ ఉండాలని కూడా లేదు. సణుగుడులో కంప్లైంట్ ఉంటది, గొంతు తగ్గించి, కానీ మనకి వినపడేంత తగ్గించి, అది ఒక విద్య. నస అంటే చెప్పిందే చెప్పి ప్రాణం తీయడం, బండి కొనియ్యమని కొడుకు ఆరు నెలలు అడిగితే అది నస, ఏడుపుగొట్టుతనం కాదు, కొనిస్తే ఆగిపోతది కాబట్టి.

సాధింపు దీనికంటే ప్రమాదం. సాధించు అంటే ఒకపక్క గెలవడం, ఫస్టు ర్యాంకు సాధించింది అంటాం, ఇంకోపక్క పగబట్టి మాటలతో కాల్చుకు తినడం, అత్త కోడల్ని సాధిస్తంది అంటాం. రెండిట్లోనూ పట్టు వదలకపోవడం ఉంది. సాధించేవాళ్ళకి ఒక గురి ఉంటది, ఆ మనిషే కావాలి. ఏడుపుగొట్టుకి గురి లేదు, ఎవరు దొరికితే వాళ్ళకి చెప్తాడు. దెప్పడం అనేది ఇంకొకటి, ఎప్పుడో చేసిన మేలునో, జరిగిన తప్పునో ఇప్పుడు తవ్వి పొడవడం.

"వంకలేనమ్మ డొంక పట్టుకు ఏడ్చిందట" అంటే ఏంది?

ఏడవడానికి ఒక వంక, అంటే సాకు, దొరకని ఆమె దారిలో ఉన్న డొంకని, అంటే పొదని, పట్టుకుని ఏడ్చిందని. వంక, డొంక ప్రాస కోసం పెట్టారు గానీ అందులో ఇంకో ఆట కూడా ఉంది, మన పల్లెల్లో వంక అంటే వాగు, డొంక అంటే రెండు పక్కలా ముళ్ళకంపలుండే బండ్ల బాట కూడా. పొలానికి పోవాలంటే వంక దాటాలి, డొంకలో నడవాలి, రోజూ చూసే రెండు చోట్లని తీసుకుని ఒక మనిషి గుణం చెప్పేశారు. కారణం ఉండి ఏడుపు రాలేదు, ఏడుపు ముందొచ్చింది, కారణం తర్వాత వెతుక్కున్నారు, ఏడుపుగొట్టుని ఇంత పొట్టిగా చెప్పిన మాట నాకింకోటి కనపడలేదు.

కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాడు కూడా ఏడుపుగొట్టేనా?

కాదు, వాడు తప్పులు వెతికేవాడు, పుస్తకాల తెలుగులో రంధ్రాన్వేషి. లేని ఈకని పీకడంలో వాడికి సంతోషం ఉంది. ఏడుపుగొట్టుకి ఆ సంతోషం కూడా లేదు.

గోడు వెళ్ళబోసుకోవడానికీ దీనికీ తేడా ఎట్టా కనిపెట్టాలి?

ఇది కొంచెం జాగ్రత్తగా చూడాల్సిన ప్రశ్న, ఎందుకంటే నోరు మూయించడానికి ఈ మాట బాగా పనికొస్తది, దాన్ని అట్టా వాడేవాళ్ళూ ఉన్నారు. కనిగిరి వైపు ఊళ్ళలో నీళ్ళలో ఫ్లోరైడ్, పళ్ళు గారపట్టి, ఎముకలు వంగిపోయిన మనుషులున్నారు. అక్కడో ముసలాయన ఏ ఆఫీసరొచ్చినా నీళ్ళ సంగతే ఎత్తుతాడు, ఏళ్ళ తరబడి అదే మాట, అదే గొంతు. పైకి చూస్తే నస, సణుగుడు, ఏడుపు అన్నీ ఉన్నట్టే ఉంటది. కానీ మంచినీళ్ళొచ్చిన రోజు ఆయన మాట ఆగిపోతది. అది గోడు, మొర. ఏడుపుగొట్టు విషయంలో మీరు ఆ పని చేసిపెట్టినా ఆగదు, ఇంకోటి అందుకుంటాడు. కాబట్టి ఒక మనిషిని ఆ మాట అనే ముందు వాళ్ళడిగేది ఒకసారి చేసి చూడండి, చేయకుండా పేరు పెట్టడం అన్యాయం.

ఐదో సంగతి: ఇంటిదాకా వస్తే

ఆఫీసులో నన్నే ఏడుపుగొట్టు అంటుండారు, నిజంగా నేనట్టాంటోణ్ణేనా?

మీరు చెప్పేది ఎవరికి చెప్తున్నారో చూసుకోండి. ఏసీ పనిచేయట్లేదని ఏసీ బాగుచేయించే మనిషికి చెప్తే అది పని, క్యాంటీన్లో పదిమందికి చెప్పి ఆ ఒక్కడికి చెప్పకపోతే అది ఏడుపు. ఇంకొకటి, ఏసీ బాగయ్యాక మీకు కొంచెం వెలితిగా అనిపించిందనుకోండి, వాళ్ళన్నది నిజమే.

మా ఇంట్లోనే ఒకరున్నారు, ఎట్టా వేగాలి?

వాదించబాకండి, అది మొదటిది. చేపల పులుసు బాగుందని మీరు రుజువు చేయలేరు. సలహాలు కూడా చెప్పొద్దు, ప్రతి సలహాకీ అది ఎందుకు కుదరదో ముందే తయారుగా ఉంటది. "అవును, కష్టమే" అని ఒక్క మాటని, వేరే పని చెప్పండి, కరివేపాకు దూయమనో, సంతపేట పోయి కూరగాయలు తెమ్మనో. అయితే కొత్తగా ఈ మధ్యే మొదలైందంటే, నిద్ర పట్టక, తిండి సరిగ్గా తినక, దేని మీదా ఆసక్తి లేకుండా ఉన్నారంటే, దాన్ని స్వభావం ఖాతాలో వేయొద్దు, డాక్టరుకి చూపించండి.

పిల్లల్ని ఏడుపుగొట్టు అని పిలవొచ్చా? మా అత్తమ్మ మా పాపని అట్టాగే పిలుస్తది.

నన్నడిగితే వద్దు. పసిపిల్లలు ఏడిచేది ఆకలికో, నిద్రకో, చెవి నొప్పికో, వాళ్ళకింకా వేరే భాష రాదు. ఈ మాటేమో కారణం లేకుండా ఏడ్చేవాళ్ళది. పైగా మన వైపు ముద్దుపేర్లు ఎట్టా అంటుకుంటాయో తెలుసుగా, చిట్టి, బుజ్జి అనిపించుకున్నోళ్ళు యాభై ఏళ్ళొచ్చినా చిట్టి, బుజ్జిగానే ఉండిపోతారు. అత్తమ్మకి ఎదురు చెప్పలేకపోతే మీరే ఇంకో ముద్దుపేరు పెట్టి ఆమె ముందరే గట్టిగా పిలవడం మొదలుపెట్టండి, నెలలో ఆమె కూడా అదే పిలుస్తది.